తీరవర్ణనమున చెట్టు, పిట్ట, పేరు

మహాకావ్యమునకు విధింపబడిన వర్ణనములలో సముద్రవర్ణనము, ఋతువర్ణనము అను రెండును కలవు. దండి తన కావ్యాదర్శమున వర్ణ్యవస్తువులను చెప్పుచు నగరము వెంటనే సముద్రమును పేర్కొనినాడు. మన ఆలంకారికులు వర్ణనముల సంఖ్యను పదునెనిమిదిగ స్థిరపరచిరి. వేసవి తొలినాళ్లలో సముద్రతీరమున నడచువాని కంటబడు చెట్టును పిట్టయు ఈ రెండు వర్ణనములు కలియు చోట ఉండదగినవి. అవి మన కావ్యములలో ఎట్లున్నవి, వానిని మనము ఎట్లు చదువుచున్నాము అను ప్రశ్నలను తుని ప్రాంతపు తీరమును ఆధారముగ గొని విచారించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ప్రబంధవర్ణనములను గూర్చి విమర్శకులలో రెండు వాదములు చిరకాలముగ ప్రచారమున ఉన్నవి. పూర్వకవుల వర్ణనములు కవిసమయముల పునరుక్తి మాత్రమే యనియు, వారు చెట్టును చూచి వ్రాయక పూర్వగ్రంథమును చూచి వ్రాసిరనియు ఒక వాదము. కవిసమయము కావ్యలోకపు ధర్మమనియు, దానిని ప్రత్యక్షప్రమాణముతో కొలుచుట అరసికత యనియు రెండవ వాదము. ఈ రెండు పక్షములవారును ఒక విషయమున ఏకీభవించుచున్నారు. ఉభయులును చెట్టు దగ్గఱకు పోరు. కవి చూడలేదని మొదటివారును, చూడనక్కఱలేదని రెండవవారును, తాము చూడకయే నిర్ణయించుచున్నారు. మా అభిప్రాయము వేఱు. పెక్కు కవిసమయముల గర్భమున ఎవరో ఒకప్పుడు కన్నులార చూచిన సత్యము దాగియున్నది. కొన్నింటియందు అట్టి సత్యమేమియు లేదు. ఏది ఎట్టిదో తేల్చుట విమర్శకుని పని. ఆ పనికి పుస్తకముతోపాటు తీరమును చదువవలెను.

తీరము, కాలము

తుని తాండవనది యొడ్డున ఉన్నది. ఆ నది తూర్పుకనుమలలో పుట్టి, తునికిని పాయకరావుపేటకును నడుమ ప్రవహించి, పెంటకోటకడ సముద్రమున కలియును. తునినుండి అచటికి సుమారు పది కిలోమీటర్ల దూరము. దక్షిణముగ తొండంగి మండలములోని దానవాయిపేట, పెరుమాళ్లపురము మొదలగు తీరగ్రామముల మీదుగ ఇసుకతీరము ఉప్పాడ దిక్కునకు సాగును. 2022వ సంవత్సరమున జిల్లాలు పునర్విభజింపబడినపుడు తుని కాకినాడ జిల్లాలో చేరినది. గోదావరి మండలమునకు ఇది ఈశాన్యపు కొస. డెల్టా వరిచేలు ముగిసి, కనుమల పాదములు సముద్రమునకు దగ్గఱగ వచ్చు చోటు.

ఈ తీరమును ఎన్నుకొనుటకు సాహిత్యకారణములును కలవు. శ్రీనాథుడు భీమేశ్వరపురాణమును బెండపూడి అన్నయామాత్యునకు అంకితమిచ్చెను. ఆ బెండపూడి పేరుగల గ్రామము తునికి దక్షిణముగ నేటికిని ఉన్నది. సూర్యరాయాంధ్ర నిఘంటువు పిఠాపుర మహారాజుగారి పోషణమున వెలసి, 1936లో దాని ప్రథమసంపుటము వెలువడెను. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు పిఠాపురము చేరువ చంద్రంపాలెమున 1897లో జన్మించిరి. అంతకుమున్ను 1781 మొదలు 1793 వఱకు విలియం రాక్స్‌బర్గు అను వైద్యుడు సామర్లకోటలో నుండి ఈ సీమ మొక్కలను పరిశీలించెను. కావ్యము, నిఘంటువు, వృక్షశాస్త్రము అను మూడును తునికి ఒక దినపు ప్రయాణము లోపున వర్ధిల్లినవి. అవి ఒకదానితో నొకటి మాటలాడుకొన్నది మాత్రము తక్కువ.

కాలమును గూర్చియు ఒక మాట. చైత్రవైశాఖములు తీరమున సంధికాలము. శీతకాలమున ఉత్తరదేశములనుండి వచ్చిన ఉల్లంకి జాతి పక్షులు తిరుగుప్రయాణమున ఉండును. సముద్రపుటంచున వాని గుంపులు దినదినము పలుచబడును. గరుడపక్షి, కొంగ, లకుముకిపిట్ట, పాలపిట్ట, ఏట్రింత, తీతువు మొదలగు స్థిరనివాసులు మిగులును. లోపలి మెట్టలయందు మోదుగపూవు రాలిపోయి, రేల పసుపుపచ్చని గుత్తులు వ్రేలాడగట్టును. తీరపుటూళ్లలో కానుగ లేతాకు తొడిగి పూయును. ఈ చిన్న క్యాలెండరు చేతనుంచుకొనిన చదువరికి ఒక వర్ణనము ఋతువునకు తగియున్నదో లేదో తెలిసికొనుట సులభము. జక్కవయే ఇందులకు నిదర్శనము. ఇది మన దేశమునకు శీతకాలపు అతిథి. వేసవి ముదురునప్పటికి ఉత్తరమునకు మరలిపోవును. అయినను చంద్రోదయవర్ణనమున జక్కవజంట విరహము ఏ ఋతువునందైనను వచ్చుచునే యుండును. ఇట్టిచోట కవిసమయము ఋతువును మఱచినదని నిస్సంకోచముగ చెప్పవచ్చును.

క్రొత్త చెట్లు, పాత పేళ్లు

నేటి తీరమును ముందు పెట్టుకొని పూర్వకావ్యమును చదువువాడు మొదట తీసివేత లెక్క చేయవలెను. నేడు ఈ తీరమునకు రూపమిచ్చుచున్నవి సరుగుడు తోపులు, జీడిమామిడి తోటలు. సరుగుడును వంటచెఱకు కొఱకును, ఇసుకను నిలువరించుట కొఱకును విరివిగ నాటుట పందొమ్మిదవ శతాబ్దిలో ఆరంభమైనది. జీడిమామిడి బ్రెజిలునుండి పోర్చుగీసువారి ఓడలలో వచ్చినది. నాగజెముడు, సర్కారుతుమ్మ అమెరికా ఖండమువి. 1516లో సింహాచలమున శాసనము వేయించిన కృష్ణదేవరాయల సేన కళింగమునకు నడచినపుడు ఈ తీరమున సరుగుడు తోపుల హోరు లేదు. తాడి, ఈత, మొగలి, కానుగ, పొన్న, జిల్లేడు మున్నగునవి తీరపు పచ్చదనముగ ఉండియుండును. కావున పూర్వకవి సరుగుడును చెప్పలేదని నిందించుట ఎంత హాస్యాస్పదమో, నేటి కవి సరుగుడు క్రింద కూర్చుండి పొన్ననీడను వర్ణించుట అంత హాస్యాస్పదము.

క్రొత్తగ వచ్చిన చెట్లకు జనులు పెట్టిన పేళ్లను విమర్శకుడు శ్రద్ధగ చూడవలెను. జీడిమామిడి అను పేరు రెండు దేశీయవృక్షముల పేళ్ల కూడిక. జీడి చర్మమును పొక్కించు రసముగల గింజ కాయు అడవిచెట్టు. మామిడి అందఱెఱిగినది. విదేశమునుండి వచ్చిన చెట్టునందు జీడివలె పొక్కించు గింజపొట్టును, మామిడివలె రసముతో నిండిన పండును చూచి, రైతు ఆ రెండు మాటలను కలిపెను. ఆధునిక వృక్షశాస్త్రము జీడిని, మామిడిని, జీడిమామిడిని ఒకే కుటుంబమున చేర్చినది. శాస్త్రజ్ఞుడు పుష్పావయవములను విప్పి చూచి చేరిన నిర్ణయమునకు రైతు చేతికంటిన జిగురుచేతను, నాలుకకు తగిలిన రుచిచేతను చేరెను. ఇది కేవలము నామకరణము కాదు. సాదృశ్యమును గ్రహించి ఒక పదమున బంధించుట. ఆలంకారికులు ఉపమకు చెప్పిన లక్షణము ఇదియే.

ఇసుకమీది మొక్కలు

ఆటుపోటుల గీతకు పైన, ఇసుక ఇంకను స్థిరపడని చోట, నడచువాని కాలికి మొదట తగులునది రావణాసురుని మీసము. ఇది కోసుగ, బిరుసుగ నుండు ఆకులుగల గడ్డి. కణుపు కణుపున వేళ్లూని ఎగిరిపోవు ఇసుకను పట్టి ఉంచును. ఆడమొక్క వేఱు, మగమొక్క వేఱు. ఆడమొక్కమీద ముండ్లబంతివలె ఏర్పడు కంకి ఎండి, తెగి, గాలికి తీరము పొడుగునను దొర్లుచు పోయి విత్తనములను వెదజల్లును. వేసవి గాలిలో ఈ బంతులు పరుగులిడుట బెస్తపిల్లలకు ఆట. ఈ గడ్డికి రావణుని మీసమని పేరు పెట్టిన అజ్ఞాతకవి కాఠిన్యమును, నలువైపుల విచ్చుకొను రూపమును, సముద్రమునకు ఎదురొడ్డి నిలుచు పొగరును ఒక్కమాటలో నిలిపెను. హాస్యమును అద్భుతమును ఇందు కలసియున్నవి. ప్రబంధముల సముద్రవర్ణనము సాధారణముగ మైనాకపర్వతముతోను, బడబాగ్నితోను, రత్నములతోను, తిమింగిలములతోను నిండియుండును. అది పురాణమునుండి చూచిన సముద్రము, నడచి చూచినది కాదు. అందుచే సముద్రమునకు గౌరవము దక్కినది గాని తీరమునకు చోటు దక్కలేదు.

రావణుని మీసము వెనుకనే ఇసుకమీద ప్రాకు బాలబందితీగ వచ్చును. ఊదావన్నె పూలు ఉదయమున విచ్చును. దీని ఆకు నడుమ చీలి రెండు తమ్మెలుగ నుండును. ఆ ఆకునందు లిన్నేయసు మేకగిట్టను చూచి లాటినుభాషలో ఆ పేరే పెట్టెను. తెలుగువారు దీనిని చెవులపిల్లితీగ యనియు పిలుతురు. రెండుగ విడిన ఆకు కుందేటి చెవులను తలపించుటయే ఇందులకు కారణమని మాకు తోచుచున్నది. ఒకే ఆకు, ఇద్దఱు ద్రష్టలు, రెండు ఉపమలు. ఇందు మనవారి చూపు లిన్నేయసు చూపునకు ఏమియు తీసిపోలేదు. అతని పేరు లోకమున స్థిరపడినది, మనది మన నిఘంటువులలో నిలుచుటయే కష్టముగ నున్నది.

ఇచట పొరుగు సాహిత్యమును స్మరించుట అవసరము. ప్రాచీన తమిళ సంగమకవిత్వమున సముద్రతీరము ‘నెయ్‌దల్’ అను పేర ఒక ప్రత్యేకభూభాగము. దానికి తన వృక్షములు, తన పక్షులు, తన భావము కలవు. ఎడబాటున కలుగు పరితాపము ఆ భావము. మనము చెప్పిన ఈ ఇసుకతీగయే అచట ‘అడుంబు’. మన మొగలి అచట ‘తాళై’, మన పొన్న అచట ‘పున్నై’. ఇదియు కవిసమయమే. పొన్నచెట్టు కనబడగనే చదువరి విరహమును ఎదురుచూచును. కాని ఆ సమయము తీరమునందలి నిజమైన చెట్లపై కట్టబడినది. చెట్టు భావమునకు సంకేతమైనను, చెట్టుగ నుండుట మానలేదు. కావున కవిసమయము పరిశీలనకు సహజవిరోధి యను మాట నిలువదు. తెలుగుకవి సంస్కృతాలంకారికుల బాటను పట్టినందున సముద్రము అతనికి పదునెనిమిదింటిలో ఒకటి యయ్యెను. తీరము ఒక భావభూమి కాలేకపోయెను.

పొన్నను గూర్చి ఇంకొక మాట. మన కావ్యములందలి ఉద్యానవర్ణనములలో పొన్న, పొగడ, సంపెంగ మొదలగునవి వరుసగ వచ్చును. ఆ పట్టికలో పొన్న కేవలము తోటచెట్టు. పొన్న పుట్టినిల్లు మాత్రము సముద్రతీరము. దాని కాయ నీట తేలి, కెరటములతో కొట్టుకొనిపోయి, వేఱొక తీరమున మొలచును. కోరంగి మడ అడవులలో ‘ఉప్పుపొన్న’ అను చెట్టు కలదు. దానికిని పొన్నకును బంధుత్వము లేదు. ‘పొన్న: ఒకానొక చెట్టు’ అని అర్థము వ్రాసినచో ఈ భేదములన్నియు అణగిపోవును.

మొగలి విషయమున మన భాష మిక్కిలి సూక్ష్మముగ నున్నది. మనము సాధారణముగ మొగలిరేకు, మొగలిపొత్తి అందుము. జడలో తుఱుముకొను ఆ సువాసనగల భాగము నిజముగ పూరేకు కాదు. మగచెట్టు పూగుత్తిని చుట్టియుండు తెల్లని ఆకు. ‘పొత్తి’ యను మాట ఆ చుట్టియుండుటను సూచించుచున్నది. ఆడచెట్టు అనాసను పోలిన కాయను కాయును. దానికి ఆ పరిమళము లేదు. మొగలి పూత ప్రధానముగ వానకాలమునకు చెందినది. కవులు కేతకిని వర్షర్తువున నిలుపుట పరిశీలనకు సరిపోవుచున్నది. వేసవిలో పెంటకోట దారిని మొగలిపొదల ముండ్లంచుల ఆకులు గాలికి ఒరయు చప్పుడు వినబడును. అది వినని కవికి వసంతమున కేతకీపరిమళము వీచుచుండును.

కోయిల, తీతువు

పక్షులలో వేసవి తొలినాళ్ల నాయకుడు కోయిల. ఈ పక్షిని గూర్చి కవులు చెప్పినదంతయు పుక్కిటి పురాణమని తలచువారు ‘పరభృతము’ అను మాటను విడదీసి చూడవలెను. ఇతరునిచే పెంపబడినది యని దాని అర్థము. కోయిల కాకిగూట గ్రుడ్లిడుట, కాకి దాని పిల్లను సాకుట అను సత్యము ఒక పర్యాయపదమున నిక్షిప్తమై యున్నది. కాకులు గూళ్లు కట్టు కాలమును, కోయిల కూయు కాలమును ఒకటియగుట ఇందుచేతనే. కుమారసంభవము తృతీయసర్గమున వసంతాగమమును వర్ణించుచు కాళిదాసు కూయుచున్న పక్షిని పుంస్కోకిలమనినాడు. మనము ఎఱిగిన ఆ ఎత్తైన కూత మగపక్షిదే. ఆడపక్షి చుక్కల రెక్కలతో ఆకులమాటున దాగి వేఱొక స్వరమున అఱచును. తరువాతి గేయకవిత్వమున ఈ పాటగాడు కోయిలమ్మగ మాఱిపోయెను. గాయనికి ఉపమానముగ స్త్రీత్వము అవసరమగుటచే ఇది జరిగియుండును. దీనిని మేము దోషమని నిందింపము. కాని ప్రాచీనుడు అనుకరించెననియు, నవీనుడు పరిశీలించెననియు చెప్పు వాడుకమాట ఇచట తలక్రిందగుచున్నదని చూపక తప్పదు.

మా వాదమునకు ముఖ్యనిదర్శనము తీతువు. సంస్కృతమున టిట్టిభము, తెలుగున తీతువు. రెండును ఆ పక్షి అఱపునుండి పుట్టిన పేళ్లే. పంచతంత్రమున మొదటి తంత్రమైన మిత్రభేదమున దీని కథ కలదు. పంచతంత్రమును దూబగుంట నారాయణకవి పద్యములలో తెనిగించుటచే ఆ కథాప్రపంచము మనకును చిరపరిచితము. సముద్రతీరమున టిట్టిభదంపతులు కాపురముండెను. గ్రుడ్లిడు సమయమున ఆడపక్షి, పున్నమినాటి పోటు ఇచటికి వచ్చును గనుక వేఱొక చోటు వెదకుమని మగనిని కోరెను. మగపక్షి సముద్రమునకు అంత సాహసము లేదని బింకములు పలికెను. సముద్రము గ్రుడ్లను హరించెను. పక్షులన్నియు గరుడునితో మొఱపెట్టుకొనగా, విష్ణువు బెదరింపునకు లోబడి సముద్రము గ్రుడ్లను తిరిగి యిచ్చెను.

అల్పునకును పక్షబలమున్నచో అలక్ష్యము చేయరాదను నీతిని గ్రహించి మనము ఈ కథను ముగింతుము. టిట్టిభమునకు ‘ఒక పక్షి’ యని అర్థము వ్రాసి ముందునకు పోదుము. కాని చైత్రవైశాఖములందు తాండవ ముఖద్వారపు చవుడునేలలలో నడచువానికి ఈ కథ మఱొక విధముగ తెఱచుకొనును. తీతువు చెట్టుమీద గూడు కట్టదు. వట్టినేలమీద చిన్న గుంటచేసి, గులకరాళ్లు అంచుగ పేర్చి, సాధారణముగ నాలుగు గ్రుడ్లిడును. గ్రుడ్ల రంగు నేలరంగులో కలసిపోవును. ఇది వేసవిలోనే ఆరంభమగును. మనిషి గాని కుక్క గాని దగ్గఱకు వచ్చినచో దంపతులు రెండును తలపై తిరుగుచు ఆకాశము మాఱుమ్రోగునట్లు అఱచును. ఎండ ముదిరినపుడు పొట్ట యీకలను నీట తడిపికొని వచ్చి గ్రుడ్లను చల్లబఱచును. నీరు లేక బ్రదుకలేని పక్షి, నీటివలననే సంతానమును పోగొట్టుకొను ప్రమాదమున ఉన్నది. పున్నమికిని అమావాస్యకును పోటు అధికమగుట తీరవాసులందఱు ఎఱిగినదే. కావున ఆడపక్షి పలికిన మాట కల్పన కాదు, తీరజ్ఞానము. కథకుడు పక్షిని, అది గ్రుడ్లిడు చోటును, పోటు తిథిని ఎఱిగియే కథను కట్టెను. మగపక్షి బింకమునకును మూలము ఆ పక్షి స్వభావముననే కలదు. పిడికెడు పక్షి పశువులమీదికి సైతము అఱచుచు దూకుట చూచినవానికి, అది సముద్రమును ధిక్కరించెనని చెప్పిన కథ అతిశయోక్తిగ తోచదు. ఈ సంగతులు తెలిసిన చదువరికి నీతి ఒక్కటియే గాక కరుణమును మిగులును.

అదే పక్షిని గూర్చి అదే సంప్రదాయమున ఇంకొక మాట కలదు. ఆకాశము విఱిగిపడునను భయముచే టిట్టిభము కాళ్లు పైకెత్తి వెల్లకిల పండుకొనునట. ఇది చూచి చెప్పినది కాదు. ఏ తీతువును అట్లు నిద్రింపదు. గర్వమును పరిహసించుటకు పుట్టిన చమత్కారమిది. ఒకే పక్షిని గూర్చి ఒక సత్యసమయమును ఒక కల్పితసమయమును ప్రక్కప్రక్కల నున్నవి. రెండింటిని ఒకే తక్కెడలో వేయు విమర్శ అవివేకము.

చూచిన కవులు

తెలుగున ప్రత్యక్షపరిశీలన లేదను వాదమునకు ఆముక్తమాల్యదయే సమాధానము. విల్లిపుత్తూరు వర్ణనమున రాయలు వేకువజామున కాలువలలో నిద్రించు బాతులను చూపెను. అవి తలలను రెక్కలలో దూర్చికొని యుండగా, స్నానముచేసిన బ్రాహ్మణులు పిడిచి మఱచిపోయిన వస్త్రములని తలచి తలారులు తీసి యిచ్చుటకు నీటిలో దిగుదురు. బాతులు పాఱిపోవును. చేను కాయు పడుచులు నవ్వుదురు. ఇది భ్రాంతిమదలంకారమని లక్షణము చెప్పి ఊరకుండరాదు. నిద్రించు నీటిపక్షి మెడను వెనుకకు మడచి తలను రెక్కలో దాచునను ఖండితమైన పరిశీలన లేనిదే ఈ భ్రాంతి నిలువదు. అలంకారము పరిశీలనకు తొడిగిన నగ కాదు. పరిశీలనయే అలంకారమైనది.

నవీనులలో జాషువ గిజిగానిపై వ్రాసిన ఖండిక ఈ కోవకు చెందినది. అందు ఒక పక్షి, దాని పేరు, దాని పనితనము కవితావస్తువులైనవి. వేసవిలో తుని దారుల తాళ్లపై వ్రేలాడు గిజిగాని గూళ్లు గడచిన ఏటివి. క్రొత్తవి వానలతో మొదలగును. ఆ ఖండికను చదివి ఈ గూళ్లక్రింద నిలిచిన విద్యార్థికి ఆ పక్షి శ్రమపై కవి చూపిన గౌరవము ఎట్టిదో అర్థమగును.

కృష్ణశాస్త్రిగారి మార్గము వేఱు. కృష్ణపక్షము 1925లో వెలువడినది. ఆయన కవితలో ఆకు, పూవు, కొమ్మ, పిట్ట తఱచు సామాన్యనామములుగనే నిలుచును. కవి వానిలో లీనము కాగోరును. లీనమగుటకు విశేషనామము అడ్డగును. మొగలి యన్నంతనే ముల్లు గుర్తువచ్చును, తీతువన్నంతనే అఱపు వినబడును. కావున పేరు విడుచుట ఆయనకు కావ్యావసరము. ఆ అవసరము లేని అనుయాయులు పేరు విడుచుటను అలవాటుగ చేసికొనిరి. పిఠాపురము చేరువ పుట్టిన మహాకవిని తప్పుపట్టుట మా తలంపు కాదు. ఆయన త్యాగమును వారసత్వపు సోమరితనముగ మార్చుకొనిన పద్ధతిని తప్పుపట్టుచున్నాము.

నిఘంటువు, పేరు, మనుగడ

రాక్స్‌బర్గు దేశీయచిత్రకారులచే మొక్కల బొమ్మలు వ్రాయించి, తెలుగు పేళ్లను అడిగి వ్రాసికొనెను. ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను ఆయన గ్రంథము 1795 మొదలుకొని మూడు సంపుటములుగ, మున్నూరు చిత్రపటములతో వెలువడినది. అందు మొక్క శాస్త్రనామముతోపాటు తెలుగు పేరును తఱచు కనబడును. సోమిద చెట్టు పేరు తెలుగునుండియే వృక్షశాస్త్రమునకెక్కి ఒక జాతికి నామమైనది. 1859లో వాల్టరు ఇలియటు ఉత్తరసర్కారుల మొక్కల తెలుగు పేళ్లను ‘ఫ్లోరా ఆంధ్రికా’ అను పేర కూర్చెను. జెర్డను 1862-64 నడుమ వెలువరించిన పక్షిగ్రంథమున తెలుగు పేళ్లు కలవు. బ్రౌను తన నిఘంటువున మొక్కలకు పెక్కుచోట్ల శాస్త్రనామములను చేర్చెను. మన తెలుగు-తెలుగు నిఘంటువులు వ్యుత్పత్తియందును ప్రయోగోదాహరణములయందును ఘనమైనవి. కాని చెట్టును పిట్టను వచ్చుసరికి ‘వృక్షవిశేషము’, ‘పక్షివిశేషము’ అని చేతులు దులుపుకొనుట వానికి అలవాటు. ఆ విశేషమేమో చెప్పని విశేషమది. తెలుగుకావ్యమున ఒక చెట్టు ఏదియో తెలియుటకు ఆంగ్లేయుని గ్రంథమును తెఱువవలసి వచ్చుట తెలుగుశాఖలకు గౌరవకరము కాదు.

ఇది పండితుల కాలక్షేపము కాదని చూపుటకు ఈ తీరమును విడచి ఒక్కసారి కడపసీమకు పోవలెను. జెర్డను కనుగొనిన ఒక నేలపక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడలేదు. అది నశించెనని తలచిరి. 1986లో లంకమల ప్రాంతమున స్థానికుల సాయముతో అది తిరిగి కనుగొనబడెను. అచటివారు దానిని కలివికోడి యందురు. కలివిపొదల నడుమ తిరుగునది యని ఆ పేరే చెప్పుచున్నది. పుస్తకములలో పక్షి చచ్చినను, పల్లెటూరి మాటలో దాని పేరును, పేరులో దాని చిరునామాయు బ్రదికియున్నవి. పేరు మఱచినవారికి పక్షి పోయిన సంగతియు తెలియదు.

తుని తీరమున ఈ ప్రశ్న నేడు మఱింత దగ్గఱగ నున్నది. ఉప్పాడవైపు సముద్రము భూమిని కోసికొనుచున్నది. తొండంగి, కొత్తపల్లి మండలములలో ప్రత్యేక ఆర్థికమండలమునకు భూములు సేకరింపబడినవి. ఇసుకను పట్టి నిలుపు రావణుని మీసము, బాలబందితీగ ఎచట పెఱుకబడునో అచట వాని పేళ్లును పలికెడువారు లేక పోవును. బెస్తవాడల పిల్లలు ఆ పేళ్లను నోటనుంచుకొని కళాశాలకు వచ్చుచున్నారు. మనము వారికి టిట్టిభమనగా పక్షివిశేషమని వ్రాయించుచున్నాము. వారు ఎఱిగినదానిని మఱపించి, మనము ఎఱుగనిదానిని నేర్పుచున్నామన్నమాట.

కావున మూడు పనులు తెలుగుశాఖలు చేయదగియున్నవి. పాఠ్యకావ్యములకు వ్రాయు టీకలలో ప్రతి చెట్టునకును, ప్రతి పక్షికిని వాడుకపేరు, శాస్త్రనామము, పూచు లేక గ్రుడ్లిడు కాలము చేర్చవలెను. కవిసమయములను చూచినవి, కల్పించినవి, ఋతువు తప్పినవి అని విడదీసి పట్టిక కూర్చవలెను. పరిశోధకవిద్యార్థి ఒక్క వేసవినైనను తన కావ్యముతో తీరమునకో మెట్టకో పోయి, అచటివారిని పేళ్లడిగి వ్రాసికొనవలెను. రాక్స్‌బర్గు విదేశీయుడై ఈ పని చేసెను. అడిగిన ప్రశ్నకు తెలుగున సమాధానము చెప్పగలవారు పెంటకోటలోను, దానవాయిపేటలోను ఇంకను ఉన్నారు. వారున్నంతలోనే అడుగుట మంచిది.